చేప ఒంటి జిగురును కాపాడుకుందాం

వానలు వెళ్ళి చలి మొదలయ్యే రోజులివి. మన నాయుడుపేట, పెళ్ళకూరు, ఓజిలి, దొరవారిసత్రం మండలాల చెరువులకు నీళ్ళు వచ్చేది ఎక్కువగా ఈశాన్య రుతుపవనాలతోనే. చెరువు నిండగానే పిల్లను వదులుతాం. ఆ పిల్ల కాస్త ఎదిగేసరికి చలి వస్తుంది. చలితో పాటు చేప ఒంటి మీద ఎర్రమచ్చ, తర్వాత పుండు, కొన్నిటికి తెల్లటి దూదిలాంటి బూజు వస్తాయి. అప్పుడు మందుల కొట్టుకు పరుగులు మొదలవుతాయి. సీసాలు, పొడులు వస్తాయి, అప్పు పెరుగుతుంది. చచ్చిన చేప గట్టుకు కొట్టుకొస్తుంది.

పుండు వచ్చాక ఏ మందు వేయాలని అందరం అడుగుతున్నాం. పుండు రాకుండా చేపను ఇన్నాళ్ళూ కాపాడిందేమిటని అడిగేవాళ్ళు తక్కువ. కాపాడింది దాని ఒంటి మీదున్న జిగురు. ఆ జిగురుకు ఖర్చు లేదు, కొట్టులో దొరకదు, ఒకసారి చెడగొట్టుకుంటే ఏ సీసాతోనూ వెంటనే తిరిగి రాదు. ఈ నెల దాని గురించే మాట్లాడుకుందాం.

జిగురు అంటే మనకు తెలియనిది కాదు. కొర్రమీను చేతిలోంచి జారిపోతుందనే అమ్మేవాళ్ళు చేతికి బూడిద రాసుకుంటారు. ఇళ్ళల్లో ఆడవాళ్ళు బూడిదో కల్లుప్పో వేసి బండకేసి రుద్ది ఆ జిగటంతా కడిగాకే కూర వండుతారు. వంటకు అది పనికిరాదు కాబట్టి చేపకూ పనికిరాదనే అనుకుంటాం. చేప బతికున్నంత కాలం దానికి అదే కవచం.

చేప పైచర్మంలో సన్నటి గ్రంథి కణాలు ఉంటాయి. అవి ఈ జిగురును ఎప్పటికప్పుడు ఊరిస్తూ ఉంటాయి. పాత పొర నీళ్ళలో కరిగిపోతుంటే కొత్త పొర పైకి వస్తుంటుంది. నీళ్ళలో తేలే బూజు విత్తనం, బాక్టీరియా ఆ పొరకు అంటుకుంటే, పొరతో పాటే కొట్టుకుపోతాయి. ఇది మొదటి మేలు. రెండో మేలు ఇంకా పెద్దది. ఆ జిగురులో సూక్ష్మజీవులను చంపే పదార్థాలున్నాయి. వాటిలో ఒకటి లైసోజైమ్. దీన్ని 1922లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ గుర్తించారు. ఆయనే ఆరేళ్ళ తర్వాత పెన్సిలిన్‌ను కనుగొన్నారు. మన కన్నీళ్ళలోనూ, కోడిగుడ్డు తెల్లసొనలోనూ ఉండేది ఈ లైసోజైమే. దీనికి తోడు రోగనిరోధక ప్రోటీన్లు, పెప్టైడ్లు అనే చిన్న ప్రోటీన్ ముక్కలు కూడా చేప జిగురులో ఉంటాయి.

ఈ పెప్టైడ్ల మీద పాతికేళ్ళకు పైగా పరిశోధనలు జరుగుతున్నాయి. చలి సముద్రాల్లో బతికే ఫ్లౌండర్ అనే బల్లపరుపు చేప జిగురులో ప్లూరోసిడిన్ అనే పెప్టైడ్‌ను 1997లో గుర్తించారు. మరుసటి సంవత్సరం, 1998లో, జెల్ల జాతికి చెందిన ఒక చేప జిగురులో పారాసిన్ అనే మరో పెప్టైడ్ దొరికింది. చర్మానికి గాయమైనప్పుడు ఆ చేప దాన్ని తయారుచేసుకుంటుంది. అంటే దెబ్బ తగిలిన చోటికి మందు లోపలి నుంచే వస్తోందన్నమాట. మన కొర్రమీను జాతుల జిగురు మీద మలేషియాలోనూ, మన దేశంలోనూ పరీక్షలు జరిగాయి. జిగురు సారాన్ని తీసి, గాజు పళ్ళెంలో పెంచిన బాక్టీరియా మీద, బూజుల మీద వేసి చూశారు. సారం పడిన చోట చుట్టూ అవి పెరగకుండా ఆగిపోవడం కనిపించింది. మలేషియాలో కొర్రమీనును హరువాన్ అంటారు. ఆపరేషన్ అయినవాళ్ళకు, బాలింతలకు గాయం మానడానికి దాన్ని వండి పెట్టే అలవాటు అక్కడ ఉంది. ఒంట్లో సత్తువ లేనివాళ్ళకు కొర్రమీను పెట్టమని మన పెద్దలూ చెబుతారు.

ఇప్పుడు రెండో పక్క చూద్దాం. చేపను పట్టే ఈ బూజు ఏమిటి?

మనం వరి పండించేవాళ్ళం కాబట్టి అగ్గితెగులు తెలుసు. అది శిలీంధ్రం, అంటే అసలైన బూజు. మిరప నారుమడిలో నారు మొదలు కుళ్ళి పడిపోయే నారుకుళ్ళు కూడా తెలుసు. ఆ నారుకుళ్ళును తెచ్చే పితియం అసలైన శిలీంధ్రం కాదు, బూజులా కనిపించే నీటిజాతి జీవి. చేపకు దూదిలా పట్టే సాప్రోలెగ్నియా, పుండ్లు తెచ్చే అఫనోమైసెస్ కూడా ఆ నారుకుళ్ళు కుటుంబానివే. వీటి విత్తనాలకు ఈత వచ్చు. నీళ్ళలో ఈదుకుంటూ వచ్చి, చేప ఒంటి మీద జిగురు లేని చోట, పొలుసు ఊడిన చోట అతుక్కుంటాయి. అక్కడ మొలకెత్తి, దారాలు పంపి, కండలోకి దిగుతాయి. కండలోకి దిగాక పైన ఏం పోసినా లోపలికి చేరదు. మనకు పుండు కనిపించేది అప్పుడే.

ఈ పుండ్ల వ్యాధి మొదట 1971లో జపాన్‌లో, మరుసటి ఏడాది ఆస్ట్రేలియాలో కనిపించింది. ఆగ్నేయాసియా దేశాల మీదుగా, బంగ్లాదేశ్ మీదుగా 1988లో మన ఈశాన్య రాష్ట్రాలకు వచ్చింది. కొన్నేళ్ళలోనే దేశమంతా పాకింది. కొర్రమీను, మార్పు, పరిగె లాంటి నాటు చేపలకు ఎక్కువగా సోకింది. బొచ్చె, శీలావతి, మోసు పిల్లలకూ సోకింది. బంగారుతీగ మాత్రం చాలావరకు తట్టుకుంది. పుండ్లు చూసి జనం భయపడి చేపలు కొనడమే మానేసిన రోజులున్నాయి. రోగం పట్టని చేపలను పెంచినవాళ్ళు కూడా అప్పుడు దెబ్బతిన్నారు. అందుకే ఈ జబ్బు ఒక్క గుంట సమస్య కాదు, ఊరందరి సమస్య.

చలికాలంలోనే ఇది ఎందుకు విజృంభిస్తుంది? నీళ్ళు చల్లబడితే చేప ఒంట్లో పనులన్నీ నెమ్మదిస్తాయి. మేత తక్కువ తింటుంది, రోగాన్ని ఎదిరించే శక్తి తగ్గుతుంది. ఈ బూజుకు మాత్రం చల్లటి నీళ్ళే ఇష్టం. పైగా వానలకు కొట్టుకొచ్చిన కొత్త నీటిలో సున్నపు సారం తక్కువ, పులుపు ఎక్కువ. పులిసిన నీరు చేప చర్మాన్ని రేపుతుంది. చేప కవచం పలచబడే వేళా, శత్రువు బలపడే వేళా ఒక్కటే అవుతోంది. మన చెరువులకు ఆ వేళ మార్గశిరం నుంచి మాఘం దాకా.

ఆ కవచం పోయేది ఎక్కడెక్కడో లెక్క చూద్దాం. గరుకు ముడుల వలలో చేపను లాగినప్పుడు పోతుంది. పొడి చేత్తో పట్టినప్పుడు, గట్టు మీద ఎండ మట్టిలో పడేసినప్పుడు పోతుంది. పిల్లను డ్రమ్ముల్లో కిక్కిరిసి పోసి, గతుకుల రోడ్డు మీద గంటల తరబడి ఆటోలో తెచ్చినప్పుడు ఒకదానికొకటి రాసుకుని పోతుంది. అట్లా తెచ్చిన పిల్లను ఆ వేడి నీళ్ళ నుంచి చల్లటి చెరువులోకి ఒక్కసారిగా కుమ్మరిస్తే, ఉన్న కాస్త జిగురునూ చేప విదిల్చేస్తుంది. మేత మురిగి నీళ్ళలో అమ్మోనియా పెరిగితే పోతుంది. పైన కయ్యల్లో కొట్టిన పురుగుమందు వాన నీటితో చెరువులోకి దిగితే పోతుంది. మనకింకొక లెక్క కూడా ఉంది. నేలపట్టుకు, పులికాట్‌కు వచ్చే గూడబాతులు, కొంగలు మన గుంటల మీదా వాలతాయి. ముక్కు దెబ్బ తగిలి తప్పించుకున్న చేపకు ఆ గాయమే బూజుకు తలుపు. ఆ పక్షులు మన ప్రాంతానికి గర్వకారణం, వాటిని తరమాలని మేం అనడం లేదు. పిల్లగుంటల మీద దారాలో వలో కట్టుకుంటే చాలు.

కాబట్టి చేయాల్సినవి కొన్ని స్పష్టంగా చెప్పుకుందాం. ఇవేవీ ఖరీదైనవి కావు.

పిల్ల పట్టేటప్పుడు ముడులు లేని మెత్తటి వల వాడాలి. చేతులు తడుపుకునే చేపను ముట్టాలి. ఎండ ఎక్కకముందే, తెల్లవారుజామునే పని ముగించాలి. తీసుకొచ్చే ముందురోజు పిల్లను హాపాలో మేత లేకుండా ఉంచితే దారిలో నీళ్ళు మురగవు. డ్రమ్ముల కంటే ఆక్సిజన్ నింపిన సంచుల్లో తేవడం మంచిది. గట్టుకు చేరాక సంచిని మూతి విప్పకుండానే పావుగంట, ఇరవై నిమిషాలు చెరువు నీళ్ళలో తేలనివ్వాలి. తర్వాత కొద్దికొద్దిగా చెరువు నీళ్ళు సంచిలోకి కలిపి, పిల్ల తనంతట తాను ఈదుకుంటూ బయటికి పోయేలా వదలాలి.

వదిలే ముందు ఉప్పునీటి స్నానం చేయించాలి. 10 లీటర్ల నీళ్ళకు 200 గ్రాముల మామూలు ఉప్పు, అంటే 2 శాతం. వలగంపతో పిల్లను అందులో ఒకటి రెండు నిమిషాలు ముంచాలి. పిల్ల తల్లడిల్లితే ఆలోపే తీసెయ్యాలి. ఉప్పు ఒంటి మీది పరాన్నజీవులను రాలుస్తుంది, చేపను కొత్త జిగురు ఊరించుకునేలా చేస్తుంది. కిలో ఉప్పు ధర ఎంతో, మందు సీసా ధర ఎంతో మీరే పోల్చి చూసుకోండి.

కొత్త నీళ్ళు వచ్చాక నీటి పరీక్ష తప్పనిసరి. పీహెచ్ 7.5 నుంచి 8.5 మధ్య ఉంటే చేపకు హాయి. తక్కువుంటే సున్నం వేయాలి. ఎంత వేయాలో నీటి పరీక్ష చెప్పాలి, పక్క గుంట రైతు వేసిన లెక్క మనకు సరిపోదు. చలికాలంలో అవసరం లేకుండా వల లాగకండి. ఎదుగుదల చూడాలంటే నాలుగు చేపలు చాలు. ఒక చేపకు ఎర్రమచ్చ కనిపిస్తే దాన్ని తీసి దూరంగా పూడ్చండి. ఆ వలను, గంపను కడిగి ఎండబెట్టకుండా మరో గుంటలో దించకండి. రోగమున్న గుంట నీళ్ళను కాలువలోకి వదలకండి, కింద ఇంకొక రైతు ఉన్నాడు.

ఇక మందుల విషయం. పుండు కనిపించగానే యాంటీబయాటిక్ ఇచ్చే కొట్లున్నాయి. యాంటీబయాటిక్ చంపేది బాక్టీరియాను. ఈ బూజును అది ఏమీ చేయదు. పుండు మీద చేరిన బాక్టీరియా కొంత తగ్గొచ్చుగానీ కండలోని దారం అట్లాగే ఉంటుంది. పొలంలో అగ్గితెగులుకు మిగిలిన మందును గుంటలో పోయమనే సలహా ఇంకా ప్రమాదం. అది ఈ జాతి బూజు మీద పనిచేయదు, చేపకు విషమవుతుంది, తినేవాళ్ళ పళ్ళెంలోకి చేరుతుంది. ఆకుపచ్చ రంగు మందు మాలకైట్ గ్రీన్ ఒకప్పుడు దూది బూజుకు బాగా వాడేవారు. క్యాన్సర్ అనుమానంతో అమెరికా, ఐరోపా దేశాలు తినే చేపల్లో దాన్ని నిషేధించాయి. దాని జాడ చేప కండలో చాలాకాలం నిలిచిపోతుంది. ఎవరు ఏ పేరుతో ఇచ్చినా దాన్ని గుంటలోకి రానివ్వకండి. భువనేశ్వర్ దగ్గరి కేంద్ర మంచినీటి చేపల పరిశోధన సంస్థ ఈ పుండ్ల వ్యాధికోసమే సిఫాక్స్ అనే మందును తయారుచేసింది. అవసరం పడితే మత్స్యశాఖ అధికారిని అడిగి, మోతాదు రాయించుకుని వాడుకోవచ్చు. అదైనా రోగం మొదట్లోనే పనికొస్తుంది.

రేపో మాపో చేప జిగురుతో చేసిన మందంటూ కూడా సీసాలు రావచ్చు. గాజు పళ్ళెంలో బూజును ఆపడం వేరు, ఎకరాల చెరువులో ఆపడం వేరు. చెరువు నీళ్ళలో ఆ పెప్టైడ్లు పలచబడిపోతాయి, కరిగిపోతాయి. చేప ఒంటి మీద అవి పనిచేసేది అక్కడ గంటగంటకూ కొత్తగా ఊరుతున్నాయి కాబట్టే. సీసా మీద పరిశోధన పేరు రాసుంటే, ఏ చెరువులో, ఎన్ని చేపల మీద చూశారని అడగండి. సమాధానం లేకపోతే డబ్బు జేబులోనే ఉంచుకోండి.

రైతు చేయాల్సింది చెప్పాం. ప్రభుత్వం చేయాల్సిందీ ఉంది. తడి చేత్తో పట్టమని రైతుకు చెప్పడం సులువే. డ్రమ్ములో సగం చచ్చి, మిగతా సగం ఒళ్ళు గీరుకుపోయి వచ్చిన పిల్లను ఏ చేత్తో పట్టినా ఏం లాభం? ఆంధ్రప్రదేశ్‌లో చేపపిల్ల నాణ్యత కోసం 2006లోనే చట్టం వచ్చింది. నాణ్యత అంటే జాతి, సైజు, లెక్క ఒక్కటే కాదు. ఒంటి మీద గాయం లేకుండా గట్టుకు చేరడం కూడా నాణ్యతే. అందుకే మన సంఘం నాలుగు కోర్కెలు ముందు పెడుతోంది.

ఒకటి, చెరువులకు సరఫరా చేసే పిల్లను ఆక్సిజన్ సంచుల్లోనే తేవాలి. మత్స్యకార సహకార సంఘం సభ్యుల ముందు ఒంటిని పరీక్షించాకే లెక్కలోకి తీసుకోవాలి. రెండు, వానలు మొదలైన నాటి నుంచి మాఘం దాకా నాయుడుపేటలో నీటి పరీక్ష, చేప రోగ పరీక్ష ఉచితంగా జరగాలి. రోగం వచ్చిన చేపను పట్టుకుని రైతు దూరాలు తిరిగేలోపు గుంట ఖాళీ అవుతోంది. మూడు, ముత్తుకూరు మత్స్య కళాశాల అధ్యాపకులు, విద్యార్థులు చలికాలానికి ముందే మన చెరువుల గట్ల మీదికి వచ్చి శిక్షణ ఇవ్వాలి. ఆ శిక్షణ గుంట యజమానులకే కాకుండా, రోజూ వల లాగే కూలీలకు, తరతరాలుగా ఈ నీళ్ళనే నమ్ముకున్న యానాది కుటుంబాలకు కూడా అందాలి. చేపను ముట్టేది వాళ్ళ చేతులే. చేప తీరు ఎక్కువగా తెలిసిందీ వాళ్ళకే. నాలుగు, పేరు, పదార్థం, మోతాదు రాయకుండా చెరువు మందులు అమ్మేవాళ్ళ మీద తనిఖీలు జరగాలి.

ఇంకొక మాట చెప్పి ముగిస్తాం. మన వేపనూనె బూజును ఆపుతుందని మన తాతలకు తెలుసు. దాని మీద అమెరికా ప్రభుత్వ వ్యవసాయ శాఖ, గ్రేస్ కంపెనీ కలిసి 1994లో ఐరోపాలో పేటెంటు పొందాయి. మన దేశం నుంచీ, బయటి నుంచీ కార్యకర్తలు పోరాడితే 2000లో అది రద్దయింది. అప్పీలు కూడా 2005లో వీగిపోయింది. రేపు మన కొర్రమీను జిగురులోంచి మనుషులకో పైరుకో పనికొచ్చే బూజు మందు తయారుకావచ్చు. కావాలనే మేం కోరుకుంటాం. కానీ ఆ చేపను కాపాడుకుంటూ వచ్చిన చెరువులకు, ఊళ్ళకు దానిలో వాటా ఉండాలి. 2002 జీవవైవిధ్య చట్టం ఈ వాటా గురించే చెబుతోంది. మన ప్రాంతంలో ఎర్రచందనం పెంచిన రైతులకు ఆ చట్టం కిందే డబ్బు అందింది. ప్రతి పంచాయతీలో జీవవైవిధ్య కమిటీ ఉండాలి, ఊరి జీవజాతుల రిజిస్టరు రాయాలి. మీ పంచాయతీ రిజిస్టరులో చెరువు చేపల పేర్లు ఉన్నాయో లేదో ఈ నెలలోనే వెళ్ళి చూడండి. కొర్రమీను, మార్పు, ఇంగిలాయి, పరిగె పేర్లు లేకపోతే రాయించండి. వాటి గురించి మన పెద్దలకు తెలిసిన మాటలు కూడా రాయించండి.

రైతు సోదరులారా, అక్కచెల్లెళ్ళారా! పైరుకు నేల ఎట్లాగో చేపకు ఒంటి జిగురు అట్లాగ. నేలను పాడుచేసుకుని ఎరువు బస్తాలు మోయడంలో లాభం లేదని మనకు అనుభవమే చెప్పింది. గుంటల్లో ఆ దారి పట్టకుండా ఈ చలికాలం నుంచే జాగ్రత్త పడదాం. వచ్చే నెల మండల సమావేశాలకు మీ గుంట నీటి పరీక్ష చీటీ తీసుకురండి. పరీక్ష దొరకని ఊళ్ళ జాబితా అక్కడే రాసి, అందరం కలిసి మత్స్యశాఖ కార్యాలయానికి వెళ్దాం.